ముక్కుకు అందని విషం

రాజమహేంద్రవరం వచ్చిన చుట్టాలు గోదావరిని మెచ్చుకునే లోపే, "ఏమిటండీ ఈ వాసన?" అంటారు. 1924లో మొదలైన కాగితపు మిల్లుదని చెబుతాను. సరుగుడు, సుబాబుల్ కర్రముక్కలను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడులతో ఉడికించి గుజ్జు తీసేటప్పుడు పుట్టే గంధక వాయువుల కంపు అది. రవ్వంత ఉన్నా ముక్కు పసిగడుతుంది.

కాని తీర్పు ముక్కుకే వదిలితే మోసపోతాం. గుజ్జును క్లోరిన్ వాయువుతో తెల్లబరచే పాత పద్ధతిలో డయాక్సిన్లు పుడతాయి. క్యాన్సరు తెచ్చే ఆ విషానికి వాసనే తెలియదు! 1980లలో అమెరికాలో అటువంటి మిల్లుల దిగువన చేపల్లో బయటపడింది. తరువాత చాలా దేశాల మిల్లులు క్లోరిన్ డయాక్సైడుకు మారాయి.

తెలుగు మేష్టారికి ఈ కెమిస్ట్రీ ఎందుకంటారా? గోదావరి చేప తినేవాణ్ణి కదండీ!

2006 నాటి కేంద్ర నిబంధన ప్రకారం పెద్ద మిల్లు పెట్టాలంటే సాధారణంగా ముందు ప్రజాభిప్రాయ సభ జరగాలి. ఆ సభలో నేను కంపు మాట ఎత్తను. దిగువన నీటినీ, బురదనూ, చేపనూ ఎవరు, ఎన్నాళ్లకొకసారి పరీక్షిస్తారని అడుగుతాను.