మీకు తెలుసా? క్యామ్ ఒక్కటి మారిస్తే చాలదు!

ఇంజిన్ ఎప్పుడు గాలి పీల్చాలో, ఎప్పుడు పొగ వదలాలో నిర్ణయించేది క్యామ్, అంటే క్యామ్‌షాఫ్ట్. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే ఇది ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇంజిన్ వేగం 6,000 ఆర్‌పీఎం ఉన్నప్పుడు ఒక్కో వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకుంటుంది!

• 1955లో వచ్చిన షెవర్లే స్మాల్‌బ్లాక్ వీ8లో వాల్వును నొక్కే మీట, అంటే రాకర్ నిష్పత్తి 1.5. క్యామ్ 8 మిల్లీమీటర్లు ఎత్తితే వాల్వు 12 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. 1.6 రాకర్ బిగిస్తే అదే క్యామ్‌తో 12.8 మిల్లీమీటర్లు!

• వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్ పై వేగాల్లో బలాన్నిస్తుంది. కానీ తక్కువ వేగంలో లాగుడు తగ్గుతుంది, ఐడ్లింగ్ కుదురుగా ఉండదు. రోజూ ఊళ్లో తిరిగే బండికి మరీ పెద్ద క్యామ్ భారమే.

• వాల్వును మూసే స్ప్రింగు బలహీనమైతే అధిక వేగంలో వాల్వు క్యామ్ కదలికను అందుకోలేదు. దీన్నే వాల్వ్ ఫ్లోట్ అంటారు. వాల్వు తెరుచుకునే ఎత్తు (లిఫ్ట్) పెరిగి స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుకుపోతే, రాకర్లను నెట్టే పుష్‌రాడ్లు వంగిపోవచ్చు.

• ఫ్లాట్ ట్యాపెట్ ఇంజిన్‌లో కొత్త క్యామ్‌కు దానిపై ఆని కదిలే ట్యాపెట్లూ కొత్తవే వేయాలి. అరిగిన పాతవి కొత్త క్యామ్‌ను త్వరగా తినేస్తాయి.

• వాల్వు పిస్టన్‌కు తగులుతుందేమో చూడటానికి మెకానిక్‌లు పిస్టన్ తలపై మెత్తని క్లే అంటించి, హెడ్ బిగించి, ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పుతారు. నొక్కుకుపోయిన చోట మిగిలిన మందమే ఆ రెంటి మధ్య ఖాళీ.

అందుకే క్యామ్, స్ప్రింగులు, ట్యాపెట్లు, పుష్‌రాడ్లు, రాకర్లు ఒకదానికొకటి సరిపోయే జట్టుగా ఎంచుకోవాలి.