కామెంటే కదా అని వదిలేస్తే

గుడ్లవల్లేరులోనో బందరులోనో ఇంజినీరింగ్ చదివే పిల్లలు పైథాన్, జావాలతో పాటు వచ్చే స్టాండర్డ్ లైబ్రరీని రోజూ వాడతారు. దాన్ని తెరిచి చదివేవాళ్లు తక్కువ. అందుకేనేమో, అందులో కోడ్ పక్కన రాసి ఉండే కామెంట్ల గురించి అపోహలు చాలానే ఉన్నాయి.

అపోహ: స్టాండర్డ్ లైబ్రరీలో రాసి ఉందంటే అది నిజమే.

వాస్తవం: 2002లో టిమ్ పీటర్స్ పైథాన్ కోసం టిమ్‌సార్ట్ అనే సార్టింగ్ పద్ధతి రాశారు. 2011లో వచ్చిన జావా 7 కూడా దాన్నే తీసుకుంది. జాబితా ముక్కల్ని కలిపేచోట, ఫలానా షరతు ఎప్పుడూ నిలుస్తుందని కామెంట్ భరోసా ఇచ్చింది. 2015లో స్టైన్ డి గౌ బృందం కోడ్‌ని గణితపరంగా నిరూపించబోతే ఆ షరతు కొన్నిసార్లు తప్పుతోందని బయటపడింది. పనిగట్టుకుని పేర్చిన పెద్ద జాబితా ఇస్తే జావా ప్రోగ్రాం మధ్యలోనే కూలిపోయేది. ఇక్కడ కామెంట్ ఉద్దేశం సరైనదే, కోడే దాన్ని నిలబెట్టలేదు. పైథాన్ వాళ్లు కోడ్‌ని సరిచేశారు. జావా వాళ్లు లోపలి పట్టిక సైజును 40 నుంచి 49కి పెంచి సరిపెట్టుకున్నారు. నా లెక్కలో అది అతుకే. అది చాలదని 2018లో మరో బృందం చూపించాక గానీ అసలు లోపం సరికాలేదు. కాబట్టి కామెంటుకీ కోడుకీ పొంతన లేదనిపిస్తే ముందు తేల్చాల్సింది రెండింటిలో ఏది తప్పు అన్నది. తొందరపడి కామెంట్ మార్చేస్తే అసలు తప్పుకి ముసుగు వేసినట్టే.

అపోహ: కామెంట్లను కంప్యూటర్ పట్టించుకోదు.

వాస్తవం: అన్నిటినీ కాదు. రస్ట్‌లో డాక్ కామెంట్లలోని ఉదాహరణలను పరీక్షల్లో భాగంగా నడిపి చూస్తారు. గో భాషలో ఒక ఫంక్షన్ డాక్ కామెంట్‌లో 'Deprecated:' అని పేరా మొదలుపెడితే కొన్ని ఎడిటర్లు ఆ ఫంక్షన్ పేరు మీద గీత కొట్టి చూపిస్తాయి.

అపోహ: ఒకసారి సరిగ్గా రాస్తే ఎప్పటికీ సరే.

వాస్తవం: కైకలూరు ఉన్నచోటే ఉంది, 2022 ఏప్రిల్ 4న మాత్రం కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. 'కృష్ణా జిల్లా' అని పాత బోర్డు రాసినాయన తప్పేం లేదు. పైథాన్ డిక్షనరీలో వరుసను నమ్మొద్దన్న మాటా అలాంటిదే. 2018లో వచ్చిన 3.7 నుంచి, చేర్చిన వరుస నిలుస్తుందని భాషే హామీ ఇస్తోంది. మన తెలుగు అక్షరం నకారపొల్లునే చూడండి. దానికి యూనికోడ్‌లో 2021లో చోటు దొరికింది. పైథాన్ 3.11కి ఆ అక్షరం తెలుసు, 3.10కి తెలియదు. కాబట్టి దాని గురించి అప్పుడు సరైన కామెంట్ ఇప్పుడు తప్పు కావచ్చు.

అపోహ: ఇవన్నీ అమెరికాలో పెద్ద ఇంజినీర్లు చూసుకుంటారు.

వాస్తవం: పైథాన్ సోర్స్ గిట్‌హబ్‌లో అందరికీ తెరిచే ఉంది. అవనిగడ్డలో కూర్చునైనా సవరణ పంపవచ్చు. అక్షరదోషం లాంటి చిన్నవాటికి ముందుగా ఇష్యూ పెట్టనక్కర్లేదు. పంపేముందు ఆ వాక్యం ఏ మార్పుతో వచ్చిందో గిట్ బ్లేమ్‌లో చూడండి, కోడ్ నడిపి సరిచూసుకోండి. పనిలో పనిగా పక్క లైన్లు కూడా సర్దేయకండి.