మందుతో పాటు రాయినీ పరీక్షించండి

కోనసీమలోని మా నగరం గ్రామమున బావి త్రవ్వితే ఒండ్రుమట్టి, ఇసుక, నీరు తగులుతాయి గానీ రాయి తగలదు. ఇక్కడి ఇండ్లలోని రోలు, సన్నికల్లు, కల్వము అన్నీ బయటి నుండి వచ్చినవే. అందువలన రాతి మంచిచెడ్డలు గుర్తించే చూపు మాకు కొంత తక్కువ. ఆ లోపము నాకూ ఉండెడిది.

గురుకులమున విద్య ముగించి వైద్యము ప్రారంభించిన తొలి సంవత్సరములో, ఒక తీర్థములో నిగనిగలాడే నల్లని కల్వము కొన్నాను. అందులో శొంఠి, పిప్పళ్ళు, మిరియములు నూరి త్రికటు చూర్ణము చేసి, దగ్గుతో బాధపడుతున్న ఒక వృద్ధురాలికి ఇచ్చాను. నాలుగవనాడు ఆమె పొట్లము తిరిగి తెచ్చి, "మందు ఘాటుగానే ఉంది నాయనా, కానీ పంటికింద ఇసుక పడుతోంది" అన్నది.

సిగ్గుతో కల్వమును గురువుగారి వద్దకు తీసుకొనిపోయాను. ఆయన ఏమీ అనక, దానిని బూడిదతో తోమించి, నిమ్మచెక్క పిండారు. రాతిపై సన్నని బుడగలు లేచాయి. అది మసి, నూనె పట్టించి నలుపు చేసిన సున్నపురాయి! తరువాత తన కల్వముపై పిండారు. ఏ మార్పూ లేదు. "ఇది పంగిడి వైపు నల్లరాయి. దీనిలో నూరితే మందు మిగులుతుంది, రాయి కలవదు" అన్నారు.

ఆ నల్లరాతినే శాస్త్రజ్ఞులు బసాల్టు అంటారు. ఇది అగ్నిపర్వత శిల. భూగర్భము నుండి సుమారు 1,100 నుండి 1,200 డిగ్రీల సెంటిగ్రేడు వేడితో వెలువడిన లావా నేలపై త్వరగా చల్లబడుట వలన ఇది ఏర్పడుతుంది. భూమిలోపల నెమ్మదిగా చల్లబడిన గ్రానైటులో పలుకులు పెద్దవిగా పెరుగుతాయి. బసాల్టులో వాటికి పెరిగే వ్యవధి ఉండదు. అందుకే దీని పొందిక సన్నము. ఇనుము, మెగ్నీషియము గల ఖనిజములు అధికముగా ఉండుటచే నలుపు, బరువు కలుగుతాయి. కల్వపు రాయి నీలముగా గాని నల్లగా గాని, నునుపుగా, దృఢముగా, బరువుగా ఉండవలెనని రసరత్నసముచ్చయము చెప్పిన లక్షణములు దీనికి చక్కగా సరిపోతాయి.

సుమారు 6 కోట్ల 50 లక్షల ఏళ్ల క్రిందట పడమటి దక్కనులో పొంగిన లావా, నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రవహించి రాజమహేంద్రవరం ప్రాంతమునకు చేరినదని భూగర్భ శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. గోదావరికి ఈవల కాతేరు వద్ద, ఆవల పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు వద్ద ఆ పొరలు కనిపిస్తాయి. రెండు లావా పొరల నడుమ గుల్లల శిలాజములతో సున్నపురాయి పొర కూడ ఉన్నది. మంచి రాయి, నన్ను మోసగించిన జాతి రాయి ఒకే చోట ప్రక్కప్రక్కనే ఉన్నాయన్నమాట! చమురు కోసము త్రవ్విన బావులలో మా కోనసీమ ఒండ్రు క్రింద, బహులోతున బసాల్టు బయటపడినది. దానికి రాజోలు పేరే పెట్టారు.

ఈ రాయి కంకరగా రోడ్లకు, రైలు పట్టాలకు ఉపయోగపడుతున్నది. అజంతా, ఎల్లోరా గుహలు ఈ జాతి శిలలోనే తొలిచినవి. ఇది శిథిలమై ప్రత్తి పండే నల్లరేగడి నేల అవుతున్నది.

కల్వము కొనే గృహిణులు ఈ నాలుగు పరీక్షలు చేయవలెను.

1. బాగుగా తోమి, ఆరిన తరువాత నిమ్మరసము వేయవలెను. బుడగలు వచ్చినచో విడువవలెను.

2. అడుగు భాగమును చాకుమొనతో గీయవలెను. సులభముగా గాటు పడి పొడి రాలినచో అది మెత్తని రాయి.

3. గుంటలు, తెల్లని మచ్చలు లేనిది ఎంచవలెను. లావాలోని వాయువు వెలువడిన చోట మిగిలిన రంధ్రములలో పాత మందు నిలిచి, క్రొత్త మందులో కలుస్తుంది.

4. మొదట తవుడు, పిదప బియ్యము నూరి పారవేయవలెను. నూరిన బియ్యపు పిండిని నీటిలో కలిపి తేర్చి, అడుగున ఇసుక చేతికి తగలనంతవరకు ఇట్లే చేయవలెను.

నిమ్మరసము, ఉసిరిక వంటి పులుపు ద్రవ్యములను రాగి, ఇత్తడి కల్వములలో నూరరాదు. లోహము మందులోకి దిగుతుంది. మంచి నల్లరాతికి ఆ భయము లేదు.

ఒక హెచ్చరిక. ఈ రాతిపొడి ఔషధము కాదు, లోనికి సేవించరాదు. అట్లే, ఆరు నెలలు నిండని శిశువులకు తల్లిపాలే ఆహారము. వస వంటివి అరగదీసి, వైద్యుని అడుగక నాకించరాదు.

గురువుగారి కల్వము నేడు నా వద్దనే ఉన్నది. ఆ పెద్దమ్మకు చూర్ణము మరల దానిలోనే నూరి, ఇంటికి తీసుకొనిపోయి ఇచ్చాను. ఆమె వ్రేళ్ల నడుమ నలిపి చూచి, "ఇప్పుడు మెత్తగా ఉంది నాయనా" అన్నది. నాటి నుండి మందు ఎవరికి ఇచ్చినా, ముందుగా నా వ్రేళ్ల నడుమ నలిపి చూచుకొనుచున్నాను.