ప్రహరీ బయట పది కిలోమీటర్లు

విశాఖ విమానాశ్రయం రన్‌వే పొడవు 3,050 మీటర్లు, వెడల్పు 45 మీటర్లు. గాజువాకలో విమానాల మాట ఎత్తితే చర్చ ఈ రన్‌వే చుట్టూ, టెర్మినల్ చుట్టూ, భోగాపురం కొత్త విమానాశ్రయం చుట్టూ తిరిగి ఆగిపోతుంది. మన చేతిలో ఉన్న అంకె మాత్రం వేరే ఉంది. అది 10 కిలోమీటర్లు.

1937 నాటి విమాన నిబంధనల్లో 91వ నిబంధన ఒకటుంది. విమానాశ్రయం నడుమ లెక్క కోసం గుర్తించిన బిందువు నుంచి చుట్టూ 10 కిలోమీటర్ల లోపు ఎవరూ పశువులను కోయకూడదు, తోళ్లు వలవకూడదు, పక్షులు మూగేలా చెత్త పారబోయకూడదు అని అది చెబుతుంది. హోటళ్లు, మాంసం దుకాణాలు, చేపల దుకాణాలు, ఎముకల మిల్లుల నుంచి వచ్చే వ్యర్థాలను పేరుపేరునా ప్రస్తావించింది. పక్షులు చేరకుండా సరైన ఏర్పాట్లు చేసుకుంటే అనుమతి ఇవ్వవచ్చని కూడా అందులోనే ఉంది. ఈ వలయం వైశాల్యం 314 చదరపు కిలోమీటర్లు. తూర్పున కొంత సముద్రంలోకి పోతుంది, ఉత్తరాన కొంత సింహాచలం కొండల మీదికి పోతుంది. మిగిలినదంతా ఇళ్లు, బజార్లు, ఫ్యాక్టరీలు, గెడ్డలు. గాజువాక జంక్షన్ పూర్తిగా దీని లోపలే ఉంది.

మన దేశంలో మున్సిపాలిటీలు విమానాశ్రయాలు నడపవు. రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లోని కేంద్ర జాబితా 29వ అంశం కిందికి విమానాలు, విమానాశ్రయాలు వస్తాయి. విశాఖ సంగతి ఇంకాస్త చిక్కు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పుట్టిన ఈ ఎయిర్‌ఫీల్డ్ నౌకాదళానిది, పేరు ఐఎన్‌ఎస్ డేగ. రన్‌వే, ఆకాశం వాళ్ల అధీనంలో ఉంటాయి. టెర్మినల్, దాని ముందు విమానాలు నిలిచే చోటు ఎయిర్‌పోర్ట్ అథారిటీవి. 2005లో గాజువాక మున్సిపాలిటీని కలుపుకొని ఏర్పడిన మహా విశాఖ నగరపాలక సంస్థకు ప్రహరీ లోపల ఏ అధికారమూ లేదు. అయితే ఆ ప్రహరీ లోపలికి వచ్చే నీళ్లు, పక్షులు, దాని చుట్టూ లేచే మేడలు, దాని గేటు దాకా వచ్చే జనం, ఈ నాలుగూ నగరపాలక సంస్థ చేతిలోనే ఉన్నాయి. ఒక చిన్న విమానాశ్రయం బాగుపడటమో చెడటమో సగం ఈ నాలుగింటి మీదే తేలుతుందని నా నమ్మకం.

ముందు అది ఎలా ఎదిగిందో చూద్దాం. 1981లో పౌర విమానాలు మొదలైనప్పుడు రోజుకు ఒక్క విమానమే. అప్పటి రన్‌వే 6,000 అడుగులది. 2007 జూన్‌లో 10,000 అడుగులు దాటిన కొత్త రన్‌వే వచ్చింది, 2009లో కొత్త టెర్మినల్ వచ్చింది. 2018-19 నాటికి ఏడాదికి దాదాపు 28.5 లక్షల మంది ప్రయాణికులు. అంటే రోజుకు సగటున 7,800 మంది. విమానానికి 150 మంది చొప్పున లెక్క వేసుకుంటే వచ్చేవీ పోయేవీ కలిపి రోజుకు 52 విమానాలు. కొవిడ్ ఏడాదిలో ఈ సంఖ్య సగం కన్నా కిందికి పడి, తర్వాత మళ్లీ కోలుకుంది.

అదే రన్‌వే మీద నౌకాదళం తన శిక్షణ, గస్తీ విమానాలనూ నడుపుతుంది. వాళ్ల అవసరం దేశ రక్షణది, దానికే ముందు చోటు. కాబట్టి ఇక్కడ కొరత కాంక్రీటుది కాదు, గంటలది. 2022 నవంబర్ నుంచి రన్‌వే పైపొర మళ్లీ వేయడానికి నెలల తరబడి రాత్రి వేళ విమానాలు ఆపాల్సి వచ్చినప్పుడు ఊరంతటికీ అది తెలిసివచ్చింది. రెండో రన్‌వే ఉన్నా అది పాతది, పొట్టిది, పెద్ద విమానాలకు పనికిరాదు.

చిన్న విమానాశ్రయాలు ఎందుకు నష్టపోతాయో అర్థం కావాలంటే అగ్నిమాపక దళాన్ని చూస్తే చాలు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఫైరింజన్ రన్‌వే ఏ మూలకైనా 3 నిమిషాల్లో చేరాలి, 2 నిమిషాల్లో చేరితే మరీ మంచిది. ఎన్ని బళ్లు, ఎంత నురుగు, ఎంతమంది సిబ్బంది ఉండాలో దిగే విమానం పొడవును బట్టి ఉంటుంది. 37 మీటర్లు దాటిన ఎయిర్‌బస్ ఏ320కి ఆరో తరగతి రక్షణ ఉండాలి. ఆ తరగతి విమానం రోజుకు ఒక్కటే దిగినా, యాభై దిగినా ఈ ఏర్పాటు దాదాపు అంతే. పెళ్లికి పదిమంది వచ్చినా పందిరి వేయక తప్పదు కదా. భద్రతా సిబ్బంది, వాతావరణ కేంద్రం, దిగేటప్పుడు దారి చూపే పరికరాలు, రన్‌వే దీపాల కరెంటు బిల్లు కూడా ఇంతే.

ఇప్పుడు రాబడి వైపు చూడండి. 78 సీట్ల ఏటీఆర్ విమానం రోజుకు ఒకసారి వచ్చి పోతే ఏడాదికి 56,940 సీట్లు. అందులో 70 శాతం నిండితే 40 వేల మందికి కాస్త తక్కువ. విశాఖ విమానాశ్రయం 2018-19 వేగంతో ఆ 40 వేలను ఐదారు రోజుల్లో దాటేస్తుంది. 2021 మార్చిలో తెరుచుకున్న కర్నూలు జిల్లా ఓర్వకల్లు విమానాశ్రయం 2,000 మీటర్ల రన్‌వేతో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ కట్టించినది. ఊళ్ల స్థాయి విమానాశ్రయం అన్న మాటకు మన రాష్ట్రంలో దగ్గరగా వచ్చేది అదే. మొదట్లో బెంగళూరు, చెన్నైలతో పాటు మన విశాఖకూ అక్కడి నుంచి విమానం వేశారు. అలాంటి చోట్ల ఉడాన్ పథకమే ఊపిరి. సుమారు గంట ప్రయాణానికి కొన్ని సీట్ల మీద మొదట్లో 2,500 రూపాయల పరిమితి పెట్టి, విమాన సంస్థకు వచ్చే లోటును మూడేళ్ల పాటు భర్తీ చేసే పథకం అది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ తొలి విమానాలు ఎగిరిన రోజునే కడప నుంచి హైదరాబాద్‌కు ట్రూజెట్ సంస్థ విమానం ఎగిరింది. 2022లో ఆ సంస్థ రెక్కలు ముడిచింది. సాయం ఆగినా, సంస్థ ఆగినా సర్వీసు ఆగుతుంది. ఫైరింజన్ మాత్రం అక్కడే ఉండాలి.

విశాఖ ఆ దశ ఎప్పుడో దాటింది. చట్టం కూడా ఒకప్పుడు దాన్ని పెద్దదిగానే లెక్కించేది. ఛార్జీలు నిర్ణయించే నియంత్రణ సంస్థ ఏఈఆర్‌ఏ కిందికి రావాలంటే ఏడాదికి 15 లక్షల మంది ప్రయాణికులు ఉంటే సరిపోయేది. 2019లో చట్టం సవరించి ఆ గీతను 35 లక్షలకు జరిపారు. 28.5 లక్షల విశాఖ ఆ గీత కింద ఉండిపోయింది.

ఇక నీళ్ల సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు నిలబడక తప్పదు. విమానాశ్రయం ఉన్నది పల్లపు నేలలో. ఎగువన మేఘాద్రి గెడ్డ జలాశయం ఉంది. గేట్లు ఎత్తితే ఆ నీరు విమానాశ్రయం పక్కగా హార్బరు వైపు వెళ్లాలి. 2021 సెప్టెంబర్‌లో గులాబ్ తుఫాను నాడు నగరంలో కొన్నిచోట్ల ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటిన వాన పడింది, టెర్మినల్ ముంగిట నీళ్లు నిలిచాయి. 30 సెంటీమీటర్లు అంటే ఎంతో లెక్క వేద్దాం. ప్రధాన రన్‌వే ఉపరితలం 1,37,250 చదరపు మీటర్లు. దాని మీద మాత్రమే పడిన వాన 4.1 కోట్ల లీటర్లు అవుతుంది. పది వేల లీటర్ల ట్యాంకర్లతో ఎత్తిపోస్తే నాలుగు వేలకు పైగా ట్యాంకర్లు కావాలి. ఇది ఒక్క నల్లటి పట్టీ మీద పడినదే. పక్కనున్న గడ్డి నేల, టాక్సీ దారులు, టెర్మినల్ కప్పు, జాతీయ రహదారి, పైనున్న కాలనీలు ఇందులో లేవు.

ఈ నీరు లోపలి కాలువల్లోంచి బయటి గెడ్డలోకి పోవాలి. బయటి గెడ్డలో ప్లాస్టిక్, ఇళ్ల శిథిలాలు, పూడిక నిండితే లోపల ఎంత మంచి పంపులు పెట్టినా అవి నీటిని తోడి మళ్లీ అక్కడే పోస్తాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను టెర్మినల్ కప్పును చీల్చేసింది. అప్పుడు ఐదు రోజుల్లో విమానాలు మళ్లీ ఎగిరాయి, అక్కడి సిబ్బందికి చేతులెత్తి మొక్కాలి. గాలి దెబ్బ పదేళ్లకో ఇరవయ్యేళ్లకో వస్తుంది. పూడిక దెబ్బ ప్రతి వర్షాకాలం వస్తుంది, దాన్ని వేసవిలో తీసేస్తే చాలు. ఆ తీసే పని నగరపాలక సంస్థదే.

తర్వాత పక్షులు. దిగే విమానం వేగం గంటకు 250 కిలోమీటర్లు అనుకుంటే సెకనుకు దాదాపు 70 మీటర్లు. ఆ వేగంలో ఎదురొచ్చిన గద్ద రాయితో సమానం. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో బయల్దేరిన ఎయిర్‌బస్ ఇంజన్లలోకి బాతులు దూరి రెండూ ఆగిపోయాయి. 155 మందీ బతికి బయటపడింది పైలట్ ఆ విమానాన్ని హడ్సన్ నది మీద దించగలిగాడు కాబట్టే. విశాఖ చెత్త చేరాల్సిన కాపులుప్పాడ యార్డు డేగకు 20 కిలోమీటర్ల దూరంలో ఉంది, అంటే వలయానికి బయటే. కనుక చిక్కు యార్డుతో కాదు, యార్డు దాకా చేరని చెత్తతో. ఆదివారం మధ్యాహ్నం మాంసం దుకాణాలు మూసే వేళకు మిగిలిన కోళ్ల ఈకలు, పేగులు గెడ్డ గట్టున పడితే గద్దలు, కాకులు అక్కడే తిరుగుతాయి. వాటిని రన్‌వే మీద టపాకాయలు కాల్చి తరిమితే కాసేపు లేచి మళ్లీ దిగుతాయి. తిండి ఉన్న చోటు నుంచి పక్షిని ఏ శబ్దమూ ఎక్కువ కాలం దూరం పెట్టలేదు. దుకాణాల నుంచి మూత ఉన్న బండిలో రోజూ వ్యర్థాలు ఎత్తుకెళ్లడమే మందు. దుకాణదారుడి మీద జరిమానా వేసే ముందు ఆ బండి రావాలి.

మేడల ఎత్తు గురించి ఇల్లు కట్టుకునేవాళ్లకు ఒక చిన్న లెక్క. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పెద్ద రన్‌వే చుట్టూ 4 కిలోమీటర్ల దాకా విమానాశ్రయ నేలమట్టం నుంచి 45 మీటర్ల ఎత్తు దాటకూడదు. అంతస్తుకు 3 మీటర్లు అనుకుంటే పదిహేను అంతస్తులు. ఆ కొలత మీ స్థలం నుంచి కాదు, విమానాశ్రయం నుంచి. ఎత్తయిన నేల మీద స్థలం ఉంటే అంతస్తులు అంతమేర తగ్గుతాయి. విమానాలు దిగే దారికి సూటిగా కింద ఉన్నచోట పరిమితి ఇంకా తక్కువ, 50 మీటర్ల దూరానికి 1 మీటరు చొప్పున పెరుగుతుంది. కాబట్టి ఫ్లాటు కొనేముందు నౌకాదళం ఇచ్చిన నిరభ్యంతర పత్రం చూపించమని బిల్డరును అడగండి.

అమెరికాలో వందలాది చిన్న విమానాశ్రయాలు నేరుగా నగరాలవీ కౌంటీలవీ. అక్కడి కేంద్ర నిధి చిన్నవాటి పనులకు 90 శాతం దాకా ఇస్తుంది. దానికి బదులుగా పెట్టే షరతుల్లో ఒకటి నాకు ఎంతో నచ్చుతుంది. విమానాశ్రయం మీద వచ్చిన డబ్బు విమానాశ్రయానికే ఖర్చు చేయాలి, ఊరి ఖజానాకు మళ్లించకూడదు. అలాంటి హక్కూ షరతూ విశాఖ నగరానికి లేవు కనుక కనీసం కాలువలు, చెత్త మీద ఎయిర్‌పోర్ట్ అథారిటీ, నౌకాదళం, నగరపాలక సంస్థ కలిసి ఒక ఉమ్మడి ఖాతా పెట్టుకుంటే బాగుంటుందని అనిపిస్తుంది.

ఇక భోగాపురం. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన ఈ విమానాశ్రయానికి 2,203 ఎకరాలు, 3,800 మీటర్ల రన్‌వే, తొలి దశలో ఏడాదికి 60 లక్షల మంది సామర్థ్యం. 28.5 లక్షలకు ఇది రెట్టింపు పైమాటే. జీఎంఆర్ సంస్థ ప్రయాణికుడికి 303 రూపాయల చొప్పున రాష్ట్రానికి ఇస్తానని పోటీలో గెలిచింది. నోయిడా విమానాశ్రయానికి 2019లో జ్యూరిక్ సంస్థ ఇస్తానన్నది 400.97 రూపాయలు. భోగాపురం అవసరమే. గంటల కొరత ఉన్న రన్‌వే మీద ఈ ఊరి భవిష్యత్తును బిగించి ఉంచలేం.

గాజువాక వైపు నుంచి చూస్తే మాత్రం లెక్క మారుతుంది. ఇక్కడి నుంచి ఇప్పటి విమానాశ్రయం ఆరేడు కిలోమీటర్లు, భోగాపురం సుమారు అరవై. గంటకు 40 కిలోమీటర్ల వేగం దొరికినా గంటన్నర పడుతుంది, హైదరాబాద్‌కు గాలిలో పట్టే సమయం కన్నా ఎక్కువ. ఊరి మధ్యలోంచి వెళ్లకుండా సబ్బవరం, పెందుర్తి, ఆనందపురం మీదుగా ఆరు వరుసల రోడ్డు ఉంది కనుక గాజువాక, కూర్మన్నపాలెం, స్టీల్‌ప్లాంటు వాళ్లకు ఆ దారిలో నడిచే ఎయిర్‌పోర్టు బస్సులు కావాలి. ప్రతిపాదనలో ఉన్న మెట్రో మొదటి కారిడార్ స్టీల్‌ప్లాంటు నుంచి కొమ్మాది దాకా 34.4 కిలోమీటర్లు. అది పూర్తయినా కొమ్మాది దగ్గర దిగి మిగతా దూరం ఇంకో బండి ఎక్కాల్సిందే.

కొత్త విమానాశ్రయం వచ్చినంత మాత్రాన పాత రన్‌వే మాయం కాదు. హైదరాబాద్‌లో 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక బేగంపేట నుంచి ప్రయాణికుల సర్వీసులు పోయాయి గానీ రన్‌వే పోలేదు, సైనిక విమానాలు, ప్రముఖుల విమానాలు అక్కడ దిగుతూనే ఉన్నాయి. గోవాలో మోపా విమానాశ్రయం తెరిచాక కూడా నౌకాదళ దాబోలింలో పౌర విమానాలు కొనసాగాయి. విశాఖలో టెర్మినల్ భవితవ్యం ఏదైనా డేగ ఎక్కడికీ పోదు. హాక్ శిక్షణ విమానాలు, డోర్నియర్లు, హెలికాప్టర్లు ఎగురుతూనే ఉంటాయి. వాటిలో ఉండేది మన పిల్లలే. ఎగిరేది యూనిఫారం వేసుకున్న పైలట్ అయినా గద్ద గద్దే, పూడిక పూడికే.

కనుక గాజువాక పాఠకులకు నా విన్నపం ఇది. మీ కార్పొరేటర్‌ను మూడు ప్రశ్నలు అడగండి. విమానాశ్రయం వైపు పోయే గెడ్డల్లో పూడిక ఈ వేసవిలో ఎన్ని మీటర్ల మేర తీశారు? వార్డులో మాంసం, చేపల దుకాణాలు ఎన్ని, వాటి వ్యర్థాలు ఎత్తే బండి వారానికి ఎన్ని రోజులు వస్తోంది? భోగాపురానికి గాజువాక నుంచి తొలి బస్సు తెల్లవారుజామున ఎన్ని గంటలకు? జవాబులు అంకెల్లోనే అడగండి, వార్డు కార్యాలయం బోర్డు మీద రాయించండి.