పోలీస్ ఈవెంట్స్‌కు స్క్వాట్స్ ఒక్కటే సరిపోవు.. తొడ వెనుక కండరానికి ఏం చేయాలంటే?

2022 డిసెంబర్‌లో మొదలైన పోలీస్ ఈవెంట్స్‌కు కరీంనగర్, ఆదిలాబాద్ కూడా సెంటర్లే. అప్పుడు పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాల్సి వచ్చింది. పరుగు మధ్యలో తొడ వెనుక ఉండే హ్యామ్‌స్ట్రింగ్ పట్టేస్తే నెలల కష్టం పోయినట్టే. స్క్వాట్స్ కొడితే చాలనుకుంటారు చాలామంది. కానీ అందులో ఎక్కువ భారం తొడ ముందు కండరాలదే. హ్యామ్‌స్ట్రింగ్ తొడను వెనక్కి లాగుతుంది, మోకాలినీ మడుస్తుంది. మొదటి పనికి రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ లాంటి కాంపౌండ్ వ్యాయామం, రెండోదానికి లెగ్ కర్ల్ లాంటి ఐసోలేషన్ వ్యాయామం. ఏదో ఒకటి కాదు, రెండూ కావాలి. జిమ్ లేదా? మోకాళ్ల మీద నిలబడి, దోస్తుతో మడమలు పట్టించుకుని, నడుం వంచకుండా మెల్లగా ముందుకు వాలే నార్డిక్ కర్ల్ గ్రౌండ్‌లోనే చేసుకోవచ్చు. మొదట్లో నాలుగైదు సార్లు చాలు. ఈవెంట్స్ దగ్గర పడ్డాక మాత్రం కొత్తగా మొదలుపెట్టొద్దు, ఒళ్లు నొప్పులతో ఉరకలేరు.