చిన్న ట్రాక్టరునకు ముందు లోడరు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములయందు పనికి మనుష్యులు దొరకుట కష్టమగుచున్నందున, ట్రాక్టరు ముందుభాగమున తగిలించు లోడరును గూర్చి రైతు సోదరులు పలువురు విచారించుచున్నారు. పెంట యెత్తుటకును, కళ్లములో ధాన్యము కుప్పచేయుటకును, ఇసుకయు మన్నును ట్రక్కున కెత్తుటకును ఇది మిక్కిలి యుపయోగకరమగు సాధనము. అయితే నాగలిని తగిలించినట్లే దీనిని తగిలించి నడపవచ్చునని తలంచుట ప్రమాదకరము. నాగలి బరువు వెనుక, నేలకు దగ్గఱగా నుండును. లోడరు బరువు ముందుకును, మీదికిని పోవును. బోల్తాకు మూలమంతయు ఈ భేదమునందే యున్నది.

మన పల్లెలలో మన్ను తీయు ప్రతి పసుపుపచ్చ యంత్రమును జేసీబీ యనుట వాడుక. ఆ మూడక్షరములు జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అను నాంగ్లేయుని పేరివి. 1945లో నాయన మొదట చేసినది రైతులకు పనికివచ్చు ట్రక్కే యగుట ముచ్చటైన సంగతి. కాని నేటి జేసీబీ బరువు నెత్తుటకే పుట్టినది. 20, 30 అశ్వశక్తుల మన చిన్న ట్రాక్టరు లాగుటకు పుట్టినది. దాని ముందు ఇరుసు సన్నము.

ఒక లెక్క చూతము. రెండు ఇరుసుల నడిమి దూరము మీటరున్నర యనుకొందము. బకెట్టులోని 300 కిలోల బరువు ముందు ఇరుసునకు 1.2 మీటర్లు ఆవల నున్నది. అప్పుడు వెనుక చక్రముల మీదనుండి 240 కిలోలు లేచిపోవును. ముందు ఇరుసు మీద 300 గాక 540 కిలోలు పడును. చిన్న ట్రాక్టర్లలో సాధారణముగా బ్రేకులు వెనుక చక్రములకే యుండును గాన, అవి తేలినచో బ్రేకు కూడ పట్టదు. ఇపుడు వెనుక లింకులకు, వెనుక ఇరుసునకు ముప్పాతిక మీటరు దూరమున, 200 కిలోల ప్రతిబరువును కట్టినచో వెనుక 300 కిలోలు చేరును, ముందు 100 తగ్గును. పోయిన 240 తిరిగి వచ్చి మఱి 60 మిగులును. కావడి మోసినవాని కీ లెక్క చెప్పనక్కఱలేదు.

ఈ ప్రతిబరువు ఖరీదైన వస్తువు కాదు. ఎటుచూచినను అడుగున్నర యుండు కాంక్రీటు దిమ్మ సుమారు 230 కిలోలు తూగును. పోతపోయునపుడే లింకులకు తగిన పిన్నుల నందు అమర్చవలెను. తూకము చాలినచో రోటవేటరును తగిలించి యుంచినను సరిపోవును. లోడరునకు వేలకువేలు పోసి, దిమ్మకు వెనుదీయు రైతు పొదుపు మాకు బోధపడదు.

బకెట్టు నిండినదే కొలత యనుకొనరాదు. కాలు ఘనపు మీటరు పట్టు బకెట్టులో ధాన్యము 150 కిలోలకు మించదు. అదే బకెట్టెడు తడి ఇసుక 500 కిలోలకు చేరువగును. కావున బాపట్ల ఇసుక నేలలవారు సగము బకెట్టుతో తృప్తిపడవలెను. రేపల్లె వైపు చెఱువులు ఎండగట్టి అడుగు మన్ను తీయువారికిని ఇదే మాట. తెనాలి నల్లరేగడి తడిలో బకెట్టునకు అంటుకొని దిగదు గాన, కుమ్మరించిన పిదపను కొంత బరువు ముందే మిగులును.

తగిలించు పనికి చదునైన గట్టినేల కావలెను. ట్రాక్టరు నమూనాకు తగిన ఫ్రేమునే బిగింపవలెను. గేరుపెట్టెకు ఊరి వెల్డింగుతో అతికించిన చట్రము నమ్మదగినది కాదు. కాళ్ళమీద నిలిపిన లోడరు చేతుల నడుమకు ట్రాక్టరును మెల్లగా నడిపి, పిన్నులు పూర్తిగా దిగి తాళములు పడినవా యని క్రిందికి దిగి చూడవలెను. తరువాత ఇంజను నాపి, లివరును అటునిటు కదల్చి పైపులలోని ఒత్తిడి వదలించి, మూతులు శుభ్రముగా తుడిచి కలుపవలెను. మీట పైకి లాగినపుడు బకెట్టు దిగినచో పైపులు తారుమారైనవని గ్రహింపవలెను. ఆయిలు కారుచున్నచో చేతితో తడవరాదు, అట్టముక్కతో చూడవలెను. సన్నని చిల్లి నుండి చిమ్ము ఆయిలు చర్మమును దూసికొని లోనికి పోవును. అది ముల్లు గ్రుచ్చుకొన్నట్లే కనబడును. అయినను తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

నడుపునపుడు బకెట్టు నేలకు అడుగెత్తున నుండవలెను. ట్రక్కు ప్రక్కకు చేరిన పిదపనే పైకెత్తవలెను. ఎత్తిన బకెట్టుతో కొమ్మమూరు కాలువ కట్టవంటి యిఱుకు దారిపై మలుపు తిరుగుట చావునకు దారి. ఏటవాలు ఎక్కునపుడు ముందుగను, దిగునపుడు వెనుకగను నడపినచో బరువు మెట్టవైపున నిలుచును. చేలమీది కరెంటు తీగలు ఎండకాలమున మఱింత జాఱును గాన, ఎత్తుటకు ముందు తల పైకెత్తి చూడవలెను. గుండ్రని గడ్డికట్టలను బకెట్టులో నిలిపి యెత్తినచో వెనుకకు దొర్లి నడుపువాని మీదనే పడగలవు. కొబ్బరికాయలు కోయుటకు మనిషిని బకెట్టులో నెక్కించుట ఎవరు చేసినను మాన్పింపుడు.

రెండెకరముల రైతు దీనిని స్వంతముగా కొనుట మాకు సమ్మతము కాదు. కళ్లముల పని, పెంట తోలకము కలిపినను ఏటిలో కొలది దినములే. సంఘము ఒకటి కొని వంతులవారీగా నిచ్చుట మేలు. బాపట్లయందలి వ్యవసాయ ఇంజినీరింగు కళాశాలవారిని సంప్రదించి నమూనా నెన్నుకొనవచ్చును. అద్దె మాత్రము ట్రక్కుల లెక్కన గాక గంటల లెక్కన నుండవలెను; ట్రక్కుల లెక్క పెట్టినచో ప్రతివాడును బకెట్టు పొంగునట్లు నింపించును. అద్దె పుస్తకములో లోడరుతో పాటు దిమ్మయు వ్రాయబడవలెను. దిమ్మ తిరిగి చేరనిదే బాకీ చెల్లినట్లు వ్రాయరాదు.