ఆపింది ఆరు కిస్తీలు, పెరిగింది ఇరవయ్యారు

లాక్‌డౌన్‌లో ఇళ్ల ఆర్థిక పరిస్థితి మీద ముఖచిత్ర కథనం కావాలి, శుక్రవారానికల్లా ఇవ్వాలన్నారు ఎడిటర్. జీతాల కోతలు, మూతపడ్డ కొట్లు, ఆన్‌లైన్ చదువుల కోసం కొన్న ఫోన్లు... అన్నీ ముందేసుకున్నాక నా చూపు ఒక్క కాగితం దగ్గరే ఆగిపోయింది. అది 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు ఇచ్చిన మారటోరియం సర్క్యులర్. ఆ ఏడాది తండ్రీకొడుకుల మధ్య జరిగిన ఎన్నో వాదనలు అందులోంచే పుట్టాయని నా నమ్మకం.

మార్చి 1 నుంచి మే 31 దాకా కిస్తీలు ఆపుకోవచ్చు, క్రెడిట్ చరిత్రకు మచ్చ రాదు అని అందులో ఉంది. తర్వాత గడువు ఆగస్టు 31కి పెరిగింది. బాకీ మీద వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుందనీ ఆ సర్క్యులర్‌లోనే ఉంది. కొన్ని బ్యాంకులు అడిగితేనే కిస్తీ ఆపాయి, కొన్ని అడగకుండానే ఆపేశాయి. ఏం చేయాలో తేల్చుకునే బరువు ఇంటిమీద పడింది.

జీతం కోతపడ్డ కొడుకు మొదటి మాట పట్టుకున్నాడు: ‘‘ఉద్యోగం ఉంటుందో పోతుందో, చేతిలో నాలుగు రూపాయలు ఉండనీ నాన్నా.’’ తండ్రి రెండో మాట పట్టుకున్నాడు: ‘‘అది మాఫీ కాదురా. అమ్మ గాజులు తాకట్టు పెట్టయినా కట్టేద్దాం.’’

ఇద్దరి మాటా లెక్కకు నిలుస్తుంది. 20 లక్షల ఇంటి అప్పు, 8 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుందాం. నెలకు కిస్తీ సుమారు 16,730 రూపాయలు. అప్పు కొత్తలోనే ఆరు నెలలు ఆపితే 81 వేల పైచిలుకు వడ్డీ అసలులో కలుస్తుంది. కిస్తీ పెంచకుండా తీర్చాలంటే 240కి బదులు 266 దాకా కట్టాలి. అదనపు భారం 4.3 లక్షలకు పైనే. 2 కోట్ల లోపు అప్పులకు కేంద్రం తర్వాత వడ్డీ మీద వడ్డీని వెనక్కి ఇచ్చింది. ఈ లెక్కలో అది దాదాపు 1,350 రూపాయలు. క్రమం తప్పకుండా కట్టిన ఇళ్లకూ ఆ లెక్కన సొమ్ము దక్కింది.

ఈ కష్టం ఒక్కసారితో పోలేదు: మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి 21 రోజుల లాక్‌డౌన్, విడతలుగా మే 31 దాకా పొడిగింపు, మరుసటి ఏడాది కరోనా రెండో వేవ్. ఆదాయాలు కోలుకునేలోపే మళ్లీ మూతలు పడ్డాయి.

మిగతా దారులు

పీఎఫ్: ఖాతాలో 75 శాతం లేదా మూడు నెలల మూల వేతనం, డీఏ, ఏది తక్కువైతే అంత తీసుకోనిచ్చారు. తిరిగి కట్టనక్కర్లేదు, కానీ తరిగింది ముసలితనానికి దాచుకున్న సొమ్ము.

బంగారం: వ్యవసాయేతర అవసరాలకు బ్యాంకులిచ్చే అప్పు పరిమితిని 2020 ఆగస్టులో నగల విలువలో 75 నుంచి 90 శాతానికి పెంచారు, 2021 మార్చి 31 దాకా.

ప్రైవేటు టీచర్లు: తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది.

అప్పుకు భయపడే తండ్రిది చాదస్తమన్నారు, కిస్తీ ఆపిన కొడుకుకు బాధ్యత లేదన్నారు. నేను రెండూ ఒప్పుకోను. చేతిలో డబ్బులేని ఇంటికి ఆ ఆరు నెలలు నిజంగా అవసరం. ఆ అవసరానికి ఇరవయ్యారు కిస్తీల ధర పెట్టడమే అన్యాయం. ప్రభుత్వమే పనులు ఆపించినప్పుడు, ఆ నెలల వడ్డీలో పెద్ద వాటా కూడా ప్రభుత్వమే మోయాలి. మారటోరియం వాడుకున్నవాళ్లు బ్యాంకుకెళ్లి అప్పు ఎప్పటికి తీరుతుందో రాతపూర్వకంగా అడగండి. ఆ తేదీ తండ్రికీ కొడుకుకీ ఇద్దరికీ తెలియాలి.